కన్జర్వేషన్ రాని ఆరేళ్ల పిల్లకు కూడికలు ఆపాలా? పియాజేనా, వైగాట్‌స్కీనా?

బోడుప్పల్_బడి
అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తరగతి టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఉంది. అందులో ఇవ్వడానికి ఒక పరిశీలన పత్రం రాశాను. కన్జర్వేషన్, అంటే జరిపినా, రూపం మార్చినా ఉన్నది అంతే అని పిల్లకు తెలుసా అని చూసే మూడు పరీక్షలు: చింతగింజల వరసను ఎడంగా జరపడం, నీళ్లను వేరే గ్లాసులో పోయడం, పిండి ముద్ద రూపం మార్చడం. మూడింట్లో రెండు తప్పితే "సిద్ధత లేదు" అని టిక్కు. ఆ పిల్లలకు కూడికలు జనవరిలో మొదలవుతాయి. అప్పటిదాకా జతపరచడం, వరసలో పేర్చడం, గుంపులు చేయడం మాత్రమే. ఆధారం స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పిన పూర్వ ప్రచాలక దశ, ఇలాంటి తర్కం ఇంకా రాని దశ, 2 నుంచి 7 ఏళ్లు. మా దగ్గర ఒక మేడమ్ చూసి, "ఇది వైగాట్‌స్కీకి పూర్తి విరుద్ధం, తీసేయండి" అన్నారు. ఆయన సోవియట్ మనస్తత్వవేత్త, ఇతరుల సాయంతోనే పిల్లలు ఎదుగుతారన్నాడు. ఎవరి మాట వినాలి? పెద్ద సిద్ధాంతాల పోలిక ఒక పేజీలో చెప్పగలిగితే ఇంకా మంచిది.

ప్రచాలకం
ముందు చిత్తులో తప్పు చెప్తాను. మూడు వేరువేరు పరీక్షల్ని ఒకే గాటన కట్టేశారు. గింజల సంఖ్యను పదిలపరచుకునే భావన ఆరేళ్ల ప్రాంతంలో వస్తుంది. నీళ్లు, పిండి ముద్ద ఏడు దాటాక. అదే ముద్ద బరువు తొమ్మిది ప్రాంతంలో, ఘనపరిమాణం పదకొండు, పన్నెండులో. తర్కం ఒకటే, వస్తువు మారితే ఏళ్ల తేడా. దీనికి డెకలాజ్ అని పేరు పెట్టిందీ పియాజేయే. కాబట్టి ఆరేళ్ల పిల్ల నీళ్ల దగ్గర తప్పిందంటే వయసుకు తగ్గట్టే ఉందన్నమాట. కూడికల విషయంలో పనికొచ్చేది గింజల పరీక్ష ఒక్కటే.

రెండోది, "7 ఏళ్లు" అని ఆయన గీత గీయలేదు. దశల క్రమం మారదన్నాడు, వయసులు అటూఇటూ అవుతాయన్నాడు. ఆ అంకెల్ని శిలాశాసనం చేసింది మన గైడ్లే.

అయినా మీ పత్రంలో ఒక మంచి ఉద్దేశం ఉంది, అది పోనివ్వకండి. రెండు వరసల్లో ఏడేసి గింజలు ఎదురెదురుగా పెట్టి, ఒక వరసను ఎడంగా జరిపితే "ఇప్పుడు ఇందులో ఎక్కువ" అనే పిల్లకు 5 + 3 = 8 అన్నది ఉత్త ముగ్గు. జరిపితే మారిపోయేది సంఖ్యైతే దానికి మూడు కలపడం ఏంటి? పలక మీద రాస్తుంది, రాయమన్నారు కనుక. పియాజే దగ్గర చదువుకున్న కాన్‌స్టెన్స్ కమీ పాచికలు, పేకముక్కల ఆటలు ఆడించి, కూడికను పిల్లలే కనిపెట్టుకోనిచ్చింది. ఆపాల్సింది గుర్తులతో రాత. కలపడాన్ని ఎవరూ ఆపమనలేదు.

అశోక్‌నగర్_అభ్యర్థి
టెట్‌లో ఈ సబ్జెక్టుకు 30 మార్కులు. కీలో పియాజే అంటే పియాజే, వైగాట్‌స్కీ అంటే వైగాట్‌స్కీ. మిగతాదంతా పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం సార్.

సామీప్య_మండలం
ప్రచాలకం సార్ చిత్తును బాగుచేస్తున్నారు. అసలు చిత్తే వద్దంటున్నాను నేను. వైగాట్‌స్కీ ఇచ్చిన ఉదాహరణే చూడండి. ఇద్దరు పిల్లలు, ఒంటరిగా కూర్చోబెట్టి పరీక్షిస్తే ఇద్దరిదీ ఎనిమిదేళ్ల స్థాయి. దారి చూపిస్తూ చేయిస్తే ఒకరు పన్నెండేళ్ల స్థాయి దాకా వెళ్లారు, ఇంకొకరు తొమ్మిది దగ్గర ఆగిపోయారు. మీ పత్రంలో ఈ ఇద్దరికీ ఒకే టిక్కు. పండిన కాయలు మాత్రమే లెక్కపెట్టే తోటమాలికి తోట సంగతి ఏం తెలుస్తుందని ఆయనే అడిగాడు.

పరీక్ష మానక్కర్లేదు, దానికి మెట్లు పెట్టండి. గింజల్లో తప్పు చెప్పింది. మొదటి మెట్టు, "ఇంకోసారి చూడు" అని ఆగడం. రెండు, ఈ వరసలో గింజకూ ఆ వరసలో గింజకూ సుద్దముక్కతో గీత కలపమనడం. మూడు, జరిపిన గింజల్ని తన చేత్తోనే వెనక్కి తెమ్మనడం. నాలుగు, పక్కన కూర్చున్న పిల్ల ఎలా చెప్పిందో వినిపించి "ఆమె ఎందుకట్లా అంది?" అని అడగడం. ఐదు, మనమే చేసి చూపించడం. ఏ మెట్టు దగ్గర అందుకుందో రాసుకోండి. వారం తర్వాత గింజల బదులు గుండీలతో చూడండి. ఇంకో మెట్టు తక్కువలో చెబితే అది నేర్చుకుంటోంది, జనవరి దాకా ఆగే పని లేదు.

ఇంకొకటి. లెక్కపెడుతూ పైకి గొణిగే పిల్లను "మనసులో చదువుకో" అని కసరవద్దని టీచర్లకు చెప్పండి. పియాజే ఆ గొణుగుడికి అహంకేంద్రక భాష అని పేరు పెట్టి, వయసుతో రాలిపోయేదిగా చూశాడు. వైగాట్‌స్కీ కావాలని పని కష్టం చేశాడు. బొమ్మ వేస్తుంటే రంగు పెన్సిల్ అందకుండా చేస్తే గొణుగుడు దాదాపు రెట్టింపైంది. అంటే అది పనిముట్టు. అదే లోపలికి పోయి ఆలోచన అవుతుంది.

గాజు_గ్లాసు
సిద్ధాంతాలు పక్కన పెట్టండి. పరీక్ష పెట్టే తీరే తప్పైతే ఏ సిద్ధాంతానికైనా ఫలితం చెత్తే.

ఒకటి, మామూలు పద్ధతిలో ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతారు, పోయకముందు, పోశాక. మన తరగతిలో టీచర్ అదే ప్రశ్న మళ్లీ అడిగిందంటే మొదటి జవాబు తప్పని పిల్లలందరికీ తెలుసు. పాపం, మార్చి చెప్తారు. 1974లో రోజ్, బ్లాంక్ ఇద్దరూ మార్పు చేశాక ఒక్కసారే అడిగి చూశారు, ఆరేళ్ల పిల్లల తప్పులు తగ్గాయి. ఆ రోజుల్లోనే మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ కలిసి ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరసను చెదరగొట్టినట్టు నటించారు. పెద్దవాళ్లు కావాలని జరిపినప్పటి కంటే చాలా ఎక్కువ మంది సరిగ్గా చెప్పారు, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలే.

రెండు, భాష. "రెండింట్లో నీళ్లు సమానంగా ఉన్నాయా?" సమానం అన్న మాట మన పిల్లలు ఇంట్లో ఎక్కడ విన్నారు? హైదరాబాద్‌లో అది బరాబర్, లేదా ఒక్క తీరు. ఇక "ఎక్కువ" అన్న మాటలోనే ఎక్కడం ఉంది. నీళ్లు పైకెక్కిన గ్లాసును చూపించి ఎక్కువ అంటే భాషకు తగ్గట్టే చెప్పింది పిల్ల. "తాగితే ఇద్దరికీ బరాబర్ వస్తాయా, ఒకళ్లకు ఎక్కువొస్తాయా?" అని అడగండి.

మూడు, సామాన్లు. స్టీలు గ్లాసు వద్దు, లోపల కనపడదు. ఇరానీ చాయ్ గ్లాసు కూడా వద్దు, అడుగు మందం, పక్కలు వంపు, రెండు గ్లాసులు ఒకేలా దొరకవు. నిటారుగా ఉన్న గాజు గ్లాసులు రెండు, ఒక్కోదాంట్లో 100 మి.లీ. నీళ్లు, ఒక చుక్క ఇంకు. మూడోది సన్నగా పొడుగ్గా ఉండాలి. పోశాక మొదటి గ్లాసు అడుగున నాలుగు చుక్కలు మిగులుతాయి. "కొంచెం అందులో ఉంది కదా, ఇది తక్కువ" అని పిల్ల అంటే ఆమెదే రైటు, పూర్తిగా వంచి దులపండి. పిండి ముద్దలు 100 గ్రాముల చొప్పున తూచి, చేతికి నూనె రాయండి. లేకపోతే వేళ్లకు అంటుకున్నది చూసి పిల్ల తగ్గిందంటుంది, మళ్లీ ఆమెదే రైటు. గింజలు నాలుగు లోపు పెట్టకండి. అన్ని తక్కువుంటే లెక్కపెట్టకుండా చూపులోనే తెలిసిపోతుంది, ఏం పరీక్షించినట్టు?

ప్రచాలకం
టెడ్డీ కథ ప్రతి బీఎడ్ సెమినార్‌లో వింటాం. తర్వాతి కథ ఎవరూ చెప్పరు. 1986లో మూర్, ఫ్రై ఇద్దరూ టెడ్డీ చేత నిజంగానే వస్తువులు కలిపించి, తీయించి చూశారు. పిల్లలు అప్పుడూ ఆ మార్పును సరిగ్గా పట్టుకోలేదు. అంటే టెడ్డీ గోలలో పడి వరసకేసి చూడలేదు, పాత జవాబే చెప్పారు. దాన్ని సామర్థ్యం అని జమ కట్టేస్తే ఎలా?

పైగా పియాజే ఒట్టి అవును, కాదులతో తేల్చలేదు. ఎందుకో చెప్పమన్నాడు. "ఏం కలపలేదు, ఏం తీయలేదు", "ఇది పొడుగు గానీ సన్నం", "వెనక్కి పోస్తే మళ్లీ అంతే". ఈ మూడింట్లో ఒక్కటైనా పిల్ల నోట రావాలి. ఆ తర్వాత "నిన్న ఒక బాబు పొడుగు గ్లాసులోనే ఎక్కువన్నాడు, వాడికేం చెప్తావ్?" అని ఎదురు అడగాలి. అక్కడ నిలబడితేనే వచ్చినట్టు.

గాజు_గ్లాసు
ఎందుకో చెప్పగలగడం మాటకారితనం. తెలిసీ చెప్పలేని పిల్ల మీ లెక్కలో ఫెయిలేగా?
"సమానం" సంగతి దాటేశారు.

తార్నాక_పాఠకురాలు
పోలిక అడిగారు కదా, ఒకే పిల్లను మధ్యలో కూర్చోబెట్టి చెప్తాను. గింజల వరస ఎడం చేశాం, "ఇందులో ఎక్కువ" అంది. పియాజే ఆ తప్పు వెనక తర్కం వెతుకుతాడు: పొడవును చూసింది, ఖాళీలను చూడలేదు, ఇలా ఒక్క కొలతనే చూడటం ఏకమితి. వైగాట్‌స్కీ ఎవరి సాయంతో, ఏ మాటతో, ఏ గుర్తుతో దాటగలదో చూస్తాడు. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూనర్ రూపం మార్చమంటాడు: చేత్తో గింజలు, తర్వాత బొమ్మ, తర్వాత అంకె. ఇవి వయసు దశలు కావు, ముసలితనం దాకా మూడూ మనతోనే ఉంటాయి. ఏ విషయాన్నైనా ఏ వయసు పిల్లలకైనా నిజాయితీ తప్పని రూపంలో నేర్పొచ్చని 1960లో అన్నదీ ఆయనే. మనసును కంప్యూటర్‌లా చూసే సమాచార ప్రక్రియ వాళ్లు పిల్ల ఒకేసారి ఎన్ని సంగతులు మనసులో పట్టుకోగలదు, ఏ ఉపాయం వాడింది అని అడుగుతారు. ఇక బైలార్జన్, స్పెల్కీ, విన్ లాంటి పరిశోధకులు నెలల పిల్లల దగ్గరే మొదలుపెడతారు. 1992లో విన్ ఐదు నెలల పిల్లల ముందు తెర వెనక ఒక బొమ్మ, దాని పక్కన ఇంకో బొమ్మ పెట్టి, తెర తీసినప్పుడు ఒకటే కనపడేలా చేస్తే వాళ్లు ఎక్కువసేపు చూశారు, అంటే రెండు ఉండాలని వాళ్లకు తెలుసని ఆమె వాదన.

ప్రచాలకం
చూడటం తెలియడం కాదు.

సామీప్య_మండలం
తార్నాక మేడమ్, పోలిక బాగుంది. మొత్తం మీద టీచర్‌కు పనికొచ్చేది వైగాట్‌స్కీ చెప్పిన స్కఫోల్డింగే, అంటే పిల్ల అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఇచ్చే సాయమే, అని తేలుతోంది.

ప్రచాలకం
స్కఫోల్డింగ్ వైగాట్‌స్కీ మాట కాదు. ఆయన 1934లోనే క్షయతో పోయాడు. ఆ మాటను ఈ అర్థంలో ప్రచారంలోకి తెచ్చింది వుడ్, బ్రూనర్, రాస్‌ల 1976 వ్యాసం. 3, 4, 5 ఏళ్ల పిల్లలు 30 మంది, 21 చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టించారు. వైగాట్‌స్కీ భక్తులకే ఈ సంగతి తెలియకపోతే టీచర్లకు ఏం శిక్షణ ఇస్తారు?

సామీప్య_మండలం
మాట ఎవరిదైనా పని ఒకటే. పెళ్లికి పిలిస్తే ముహూర్తం ఎవరు పెట్టారన్నట్టుంది మీ వాదన.

ప్రచాలకం
పని ఒకటి కాదు. ఆ పిరమిడ్‌లో సాయం ఒక పని పూర్తి చేయించడానికి. పిల్ల తప్పితే సాయం ఒక మెట్టు పెంచడం, చేయగలిగితే ఒక మెట్టు తగ్గించడం. వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం (ఒంటరిగా చేయగలిగినదానికీ సాయంతో చేయగలిగినదానికీ మధ్య దూరం) అన్నది పిల్ల ఎదుగుదలలో తర్వాత రాబోయే దాని గురించి. 21 దిమ్మెలు పేర్చినంత మాత్రాన ఎదిగినట్టు కాదు. మీ ఐదు మెట్లు వుడ్ గారివి, మీ పేరు వైగాట్‌స్కీది. అన్నట్టు, పియాజే తన మీద వైగాట్‌స్కీ రాసిన విమర్శ చదివి 1962లో జవాబు రాశాడు, కొన్ని ఒప్పుకున్నాడు కూడా. వైగాట్‌స్కీ పోయి అప్పటికి 28 ఏళ్లు. ఆ పెద్దమనిషి ఒప్పుకున్నంత కూడా ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు.

చింతగింజ
గీ కొట్లాట మంచిగనే ఉంది గానీ, పిల్ల ముంగట కూసున్నంక ఏం జెయ్యాలె?

నా లెక్కల కన్జర్వేషన్ కంటె ముంగట సూడాల్సింది ఇంకోటుంది. పిల్ల ఇరవై దాక గడగడ జెప్తది. డబ్బాల పదిహేను గింజలు వోసి "ఐదు ఇయ్యి" అనుండ్రి. గుప్పెడు తీసి చేతుల వెడ్తది. లెక్కవెట్టినంక "మొత్తం ఎన్ని?" అంటే మళ్ల ఒకటికెల్లి మొదలువెడ్తది. ఆఖరి అంకెనే మొత్తం అన్న ముచ్చట ఇంకా తెల్వదన్నట్టు. గెల్మన్, గాలిస్టెల్ 1978ల చెప్పిన ఐదు లెక్కింపు సూత్రాలల్ల ఇదొకటి. రెండియ్యి, మూడియ్యి, ఐదియ్యి, ఎనిమిదియ్యి అని వరసగ అడుగుండ్రి. తప్పిస్తే "నువ్వే లెక్కవెట్టి సూడు" అనుండ్రి, సరిజేసుకుంటే వచ్చినట్టే. ఇది రాంది కూడిక దండుగ. ఇది వస్తే నీళ్ల గ్లాసు తప్పినా కూడిక షురూ జెయ్యొచ్చు.

కూడికల గూడ దశలు గిశలు ఏం లేవు. సీగ్లర్ సూపిచ్చిండు. 5, 3 కలుపుమంటే ఒకపారి ఒకటికెల్లి అన్నీ లెక్కవెడ్తరు, ఇంకోపారి ఐదు మీదికెల్లి పోతరు, ఇంకోపారి యాదికున్నది చెప్తరు. ఒకే పిల్ల, ఒకే దినం. పాత ఉపాయం పోకముందే కొత్తది వస్తది. చేతి ఏళ్ల మీద లెక్కవెడ్తె కొట్టకుండ్రి.

తప్పు యాడ వడ్తదంటె, ఐదు మీదికెల్లి లెక్కవెట్టుమంటే "ఐదు, ఆరు, ఏడు" అని ఏడు చెప్తరు, ఐదునే మొదటి గింజకు తగిలిస్తరు గనక. మందు ఏందంటె, ఐదు గింజల మీద మూత బోర్లియ్యుండ్రి. మూత మీద తట్టి "ఐదు" అనాలె. అటెన్క బయటి గింజలు ఒక్కొక్కటి ముట్టి ఆరు, ఏడు, ఎనిమిది. మూత ఇడిసిపెట్టినంక గూడ అట్లనే చెప్తున్నరా, అప్పుడు 5 + 3 అని రాయిపియ్యుండ్రి. ఇంకోటి, నిపుణ్ భారత్ అనే సర్కారు పథకం లెక్కన ఒకటో తరగతి అయిపోయేటాల్లకు 99 దాక అంకెలు, అల్కటి కూడికలు తీసివేతలు రావాలె. జనవరిల షురూ జేస్తె ఏప్రిల్ల బడి బందు. ఎప్పుడు జెప్తరు?

తార్నాక_పాఠకురాలు
మూత లెక్క బంగారం.

సామీప్య_మండలం
చింతగింజ అన్నా, మీరు చెప్పిందంతా బోధనే, ఎదురుచూపు కాదు. అదే నేనూ అంటున్నది. 1985లో బ్రెజిల్ రెసిఫేలో కొబ్బరికాయలు, కూరగాయలు అమ్మే పిల్లలు బేరంలో లెక్క అడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే అంకెలు కాగితం మీద గుర్తులతో ఇస్తే 37 శాతం. మెక్సికోలో కుండలు చేసే ఇళ్ల పిల్లలకు మట్టి ముద్ద కన్జర్వేషన్ మిగతావాళ్ల కంటే ముందే వచ్చిందని 1969 పరిశోధన. చేతి పనిని బట్టి, చుట్టూ ఉన్న మాటను బట్టి వచ్చేదానికి "దశ" అని పేరు పెట్టి, రాలేదని పిల్లను పక్కన కూర్చోబెడతారా?

ప్రచాలకం
రెసిఫేలో పిల్లలు ఐదుగురు. వయసు 9 నుంచి 15. మనం మాట్లాడుతున్నది ఆరేళ్ల పిల్ల గురించి. కాగితం మీద ఓడిపోయారంటే నా మాటే నిజమైంది, గుర్తులు వేరు, లెక్క వేరు అని.

సామీప్య_మండలం
మీరు ఎంతసేపూ అంకెల్లో తప్పులు పట్టుకుంటారు. "సిద్ధత లేదు" అన్న కాలమ్ ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కసారైనా ఆలోచించారా? ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లున్న పిల్లకు ఆ టిక్కు పడినా నష్టం లేదు, సాయంత్రం అమ్మే చెప్తుంది. చెప్పేవాళ్లు లేని పిల్లకు జనవరి దాకా బడీ చెప్పదు, ఇల్లూ చెప్పదు. "ఇంకా టైం రాలేదు" అన్నది వినడానికి ఎంత మెత్తగా ఉంటుందో!

ప్రచాలకం
నన్ను బస్తీ పిల్లల శత్రువును చేయకండి మేడమ్. "సాయం చేస్తే వస్తుంది" అన్న మీ మాటను పట్టుకునే ఈ ఊళ్లో ఎల్‌కేజీ పిల్లలతో 1 నుంచి 100 దాకా నాలుగు పేజీలు రాయిస్తున్నారు. నాలుగేళ్ల పిల్ల, బొటనవేలు ఇంకా పెన్సిల్‌కు కుదరదు. వర్క్‌షీట్ మీద "గైడెడ్ లెర్నింగ్" అని అచ్చేస్తారు. తల్లిదండ్రులకు "మీ పాపకు ఇంకా వయసు కాలేదు, ఆడుకోనివ్వండి" అని చెప్పడానికి మా చేతిలో మిగిలింది పియాజే ఒక్కడే. ఆయన్నీ తీసేయమంటారు.

సామీప్య_మండలం
ఆ వర్క్‌షీట్లకు వైగాట్‌స్కీకి ఏం సంబంధం?

ప్రచాలకం
"సిద్ధత లేదు" టిక్కుకు పియాజేకు ఎంత సంబంధమో అంతే.

బోడుప్పల్_బడి
ఇంతదాకా వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. మా మేనేజ్‌మెంట్ ఆ కాలమ్ చూసే ఏ, బి సెక్షన్లు వేస్తుంది. బి సెక్షన్‌కు జనవరి దాకా లెక్కల పుస్తకం ఇవ్వరు.

ప్రచాలకం
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. గింజల పరీక్ష పెట్టమన్నది పిల్ల ఎలా ఆలోచిస్తోందో టీచర్ వినడానికి. పిల్లల్ని రెండు గదుల్లోకి పంచడానికి కాదు. ఆ కాలమ్ తీసేయండి.

సామీప్య_మండలం
మొదటి నుంచీ నేనంటున్నది ఇదే.

ప్రచాలకం
మీదీ తక్కువేం కాదు. మీ మెట్ల అంకె ఇస్తే రేపు రెండు మెట్ల పిల్లలు ఏ సెక్షన్, ఐదు మెట్ల పిల్లలు బి సెక్షన్. పంచడానికి ఇంకా మంచి అంకె దొరికినట్టే.

సామీప్య_మండలం
అది ఒప్పుకుంటాను. మెట్టు ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది, వారానికి మారుతుంది. మొత్తం వేయకూడదు, రిజిస్టర్‌లోకి ఎక్కించకూడదు. టీచర్ దగ్గర పెన్సిల్ రాతగా ఉంటే చాలు.

ప్రచాలకం
పెన్సిల్ రాతైనా మార్చి దాకా ఎవరూ చెరపరు.

బోడుప్పల్_బడి
పత్రం మార్చాను. "సిద్ధత" పోయింది. మొత్తం మార్కుల గడి లేదు. జులైలోనే తరగతి మొత్తానికి గింజలతో కలపడం మొదలు, మూత ఆటతో సహా. + గుర్తుతో రాయడం మాత్రం మూత లేకుండా చెప్పగలిగిన పిల్లలకు, ఎవరికి వాళ్లకు, ఏ నెలలో వస్తే ఆ నెలలో. గడులు నాలుగు: తేదీ, "ఐదు ఇయ్యి", ఏ వస్తువుతో, ఏ సూచన దగ్గర అందుకుంది. గ్లాసుల పరీక్ష టీచర్లు శిక్షణలో చేసి చూస్తారు, పిల్లల పత్రంలో ఉండదు. నాలుగో గడి ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. సెక్షన్ల గురించి మేనేజ్‌మెంట్‌తో సోమవారం మాట్లాడతాను, ఒప్పుకుంటారన్న నమ్మకం పెద్దగా లేదు.

ప్రచాలకం
నాలుగో గడి తీసేయండి.

సామీప్య_మండలం
ఉంచండి. అది తీసేస్తే మళ్లీ వచ్చిందా, రాలేదా దగ్గరికే వస్తాం.

గాజు_గ్లాసు
శిక్షణ సూచనల్లో మూడో లైను చూశాను. "ముందు అడగండి, పోశాక మళ్లీ అడగండి: రెండూ సమానమా?" అని ఉంది. మళ్లీ రెండుసార్లు. మళ్లీ "సమానమా". ఇంత రాసింది ఎవరి కోసం?

చింతగింజ
బరాబర్ అని రాయుండ్రి సార్.